ముప్పై రెండు కిలోలు

పొగతోటలో ఎముకల డాక్టరు
ఎక్స్‌రే ఫిల్ముని లైటుకి అడ్డంపెట్టి
నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య
సందు చూపించాడు.
"ఏం మోస్తావయ్యా నువ్వు?"
"పాటలు సార్" అన్నాను.
ఆయన నవ్వలేదు. "ఎన్ని కిలోలు?"

ముప్పై రెండు.
పదిహేడేళ్లుగా, ముహూర్తాలున్న ప్రతి నెలా.
ఒక చెవి నాది, ఒక చెవి ఖాజావలిది.
గంగాళంలా యాంపుని ఎత్తి
ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టి
నేను ముందు, ఖాజావలి పక్కన
అర తొడమీద వేలాడేవాణ్ణి.
పెన్నా వంతెన మీద గాలంతా దానికే,
పెళ్లికూతురి మేనమామకి మల్లే.

చిరిగినచోట ఆటో సీటు రెగ్జిన్ ముక్క, పచ్చది,
ఖాజావలే కుట్టాడు.
వాల్యూం మీట ఊడిపోతే
టూత్‌పేస్టు మూత బిగించాను.
అయిదు దాటిస్తే మూత జారేది, అదీ మంచికే.
వెనక జాలీలో ఒకసారి బల్లి గుడ్లు పెట్టింది.
ఆ నెల రెండు రిసెప్షన్లూ ఒక క్రిస్మస్ ఆరాధనా
మెల్లగా వాయించాను.

స్విచ్చేస్తే వెంటనే పలికేది కాదు.
ముందు దుమ్ము కాలిన వాసన,
తర్వాత హుమ్మని ఒక గొణుగుడు,
రాత్రిపూట ఎక్కడో రొయ్యలగుంటలో
ఏరియేటరు తిరుగుతున్నట్టు.
ఆ గొణుగుడుకే తీగలు బిగించుకునేవాణ్ణి.
కొంచెం తప్పు శ్రుతే.
డ్రమ్ముల జెకర్యాతో సహా మా ట్రూపంతా
ఆ తప్పుకే అలవాటు పడింది.

ముత్తుకూరు కుర్రాడెవరో కొనుక్కుపోయాడు.
మేత కొట్టంట. గిటారు రాదంట. నేర్చుకుంటాడంట.
వాడిచ్చిన నోట్లు బీరువాలో పెడితే
మూడురోజులు చీరలన్నీ చేపపొట్టు కంపు.

దాని బదులు వచ్చింది
రెండు విస్తళ్లంత పలక.
పాత అలమర అర కోసి
కింద రబ్బరు బొడిపెలు కొట్టి నేనే చేశాను.
మీద నాలుగు డబ్బాలు.
శ్రుతి చూసేదొకటి. గొంతు బొంగురు చేసేదొకటి.
అన్నమాటే మళ్లీ మళ్లీ అనే మా మేనత్తలాంటిదొకటి.
చివర్న సబ్బుపెట్టెంత నల్లది,
దాని పనల్లా యాంపులా నటించడం.

మొదటి రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.
ఉతికి ఆరేసినట్టుంది శబ్దం.
పాత రోజుల్లో పొద్దస్తమానం తిడుతూ వెతికిన శబ్దం
ఇదే, ఇంత సులువుగా, మోకాలి మీద.
మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి
"ఉత్తినే గీకుతున్నావే, కరెంటు లేదా?" అంది.
ఆమెకి వినపడింది గోటి చప్పుడే.

ఆదివారం బుచ్చిలో పెళ్లి.
స్కూటరు మీద పోదామనుకున్నాను.
ఆరింటికి వీధిలో హారను, నేను పిలవకుండానే.
"యాంపేది అబ్బయా?"
సంచి చూపించాను.
చిటికెనవేలికి తగిలించి ఎత్తాడు.
గోలీలాడే పిల్లల్ని పిలిచి వాళ్లకీ చూపించాడు.
తర్వాత నవ్వడం మానేసి
దాన్ని వెనక సీట్లో పెట్టాడు.
నేను అలవాటుగా ముందెక్కాను.

వంతెన దగ్గర గుంతలో పడేసరికి సంచి జారింది.
ఆటో ఆపి, పాత నైలాన్ తాడు తీసి
తొమ్మిది చుట్లు చుట్టాడు,
సంతలో కొన్న మేకపిల్లని కట్టినట్టు.

మండపం మూడో అంతస్తు.
లిఫ్టు తలుపు తెరిచే ఉంది.
మేం మెట్లవైపు తిరిగాం.
సంచికి పట్టీ ఒకటే.
ఆ కొస ఆయన, ఈ కొస నేను.
"ఎడమకి, ఎడమకి, గోడ చూసుకో"
అంటున్నాడు ఖాజావలి,
గోడకి మూరెడు ఎడం ఉన్నా.

రెండో మలుపు దగ్గర, ఎప్పుడూ ఆగేచోట,
కింద పెట్టి నిలబడ్డాం.
ఆయన చొక్కా చేత్తో మెడ తుడుచుకున్నాడు.
ఇద్దరికీ ఆయాసం లేదు.
కాసేపు అక్కడే ఉన్నాం.